చెరువుకు కాస్త ఎడంగా

చెరువు గట్టున ఇల్లు అనగానే ఈ రోజుల్లో చాలామంది కళ్లముందు ఒకే బొమ్మ కదులుతోంది. నీళ్ల మీదికి చాచిన చెక్క డెక్కు, దానికి గాజు రెయిలింగు, రెండు వాలుకుర్చీలు, కింద అలలు. స్థలం కొన్న మరునాడే ఆ బొమ్మను ఫోనులో చూపించి, అచ్చం ఇలాగే కావాలంటారు. బొమ్మ బాగానే ఉంటుంది. అయితే అది మన చెరువుది కాదు.

చలిదేశాల్లో కొండల నడుమ ఉండే లోతైన సరస్సుల్లో నీటి మట్టం ఏడాది పొడుగునా పెద్దగా మారదు. అక్కడ ఒడ్డు అంటే ఒక గీత. ఆ గీత మీద డెక్కు కట్టుకుంటే అది నీటి అంచునే ఉంటుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ మనవాళ్లు కట్టిన చెరువులు వేరు. వాగుకు అడ్డంగా కట్ట పోసి, వాననీళ్లు ఆపి, తూము తీసి పొలాలకు వదలడానికి పుట్టినవి. లోతు తక్కువ, పరుపు ఎక్కువ. మంచి వానాకాలమైతే అలుగు దూకుతాయి. తెలంగాణలో మత్తడి దూకిందంటారు. వైశాఖం వచ్చేసరికి అడుగంటుతాయి. నేల వాలు తక్కువ కాబట్టి నీరు ఒక్క మీటరు దిగినా ఒడ్డు ఎంతో దూరం వెనక్కి జరిగిపోతుంది. అక్టోబరులో నీళ్ల మీద తేలుతున్నట్టున్న డెక్కు, మే నెలలో నెర్రెలు విచ్చిన బురద మీద కాళ్లు బయటపెట్టుకుని నిలబడుతుంది. నీళ్లెక్కడో దూరంగా మెరుస్తుంటాయి.

ఈ చిక్కు రాజులకూ తప్పలేదు. ఉదయపూర్‌లో పిచోలా సరస్సు నడుమ మహారాణా రెండో జగత్‌సింగ్ 1740లలో కట్టించిన జగ్ నివాస్ అనే పాలరాతి మహలుంది. ఇప్పుడది పేరుమోసిన హోటలు. పడవ ఎక్కితే తప్ప చేరలేని ఆ మహలు చుట్టూ కరువేళల్లో నేల బయటపడింది, మనుషులు నడుచుకుంటూ వెళ్లారు. అదే ఊళ్లో ఒడ్డున ఉన్న మెట్ల ఘాట్లకు మాత్రం ఆ బెంగ లేదు. నీరు ఎంత పెరిగినా, ఎంత తగ్గినా ఏదో ఒక మెట్టు నీటి అంచున ఉండనే ఉంటుంది. కదిలే ఒడ్డుకు మన దేశం కనిపెట్టిన జవాబు మెట్లు. సొంత ఇంటికి చెరువులో మెట్లు కట్టుకునే హక్కు మనకు లేదు కాబట్టి, ఇంకో దారి చూసుకోవాలి. నేను చెప్పదలచిందీ ఆ దారి గురించే. చెరువు పక్క ఇంట్లో ఆరుబయట కూర్చునే చోటు కలకాలం నిలవాలంటే, దాన్ని నీటికి కాస్త ఎడంగా కట్టుకోవాలి.

ఎంత ఎడం? మొదటి జవాబు చట్టం చెబుతుంది. ప్రతి చెరువుకూ పూర్తి నీటి మట్టం ఒకటుంటుంది. రెవెన్యూ వాళ్లూ రియల్ ఎస్టేటు వాళ్లూ కూడా ఎఫ్‌టీఎల్ అనే పిలుస్తారు. నీరు ఏ మట్టానికి చేరితే అలుగు మీంచి పొర్లడం మొదలవుతుందో అదే ఎఫ్‌టీఎల్. హైదరాబాదు పక్కన గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్‌కు అది సముద్రమట్టం నుంచి 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌కు 1763 అడుగుల 6 అంగుళాలు. ఆ మట్టం దాకా ఉన్నదంతా చెరువే, అక్కడ ఈ ఏడు జొన్న చేనున్నా సరే. శిఖం భూమి అని పాత కాగితాల్లో రాసి ఉండేది దాన్నే. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 168వ నంబరు ఉత్తర్వు ప్రకారం, 10 హెక్టార్లు, అంటే పాతిక ఎకరాలకు కాస్త అటూ ఇటూ, అంతకన్నా పెద్ద చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువూ కుంటా అయితే 9 మీటర్లు ఖాళీగా వదలాలి. దాన్ని బఫర్ అంటున్నారు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక హైదరాబాదులో ఈ హద్దుల మాట ఇంటింటా వినిపించింది. కూల్చిన కట్టడాల్లో ఖరీదైనవీ ఉన్నాయి. ఎంత మంచి టేకు వాడినా, ఎంత మందం గ్రానైటు పరిచినా, ఎఫ్‌టీఎల్‌లో కట్టినదానికి మన్నిక ఉండదు. కాబట్టి ఆర్కిటెక్టును పిలిచే ముందే సర్వేయరును పిలవండి. హద్దురాళ్లు పాతించాకే ప్లాను కాగితం విప్పండి.

ఈ 30 మీటర్లను చాలామంది పోగొట్టుకున్న స్థలంగా లెక్క వేసుకుని బాధపడతారు. నాకలా అనిపించదు. ఆ మాట నమ్మించడానికి మిమ్మల్ని కాసేపు శ్రీలంకకు తీసుకెళ్తాను.

కొలంబోకు దక్షిణంగా, బెంతోట దగ్గర దెద్దువ అనే సరస్సుంది. దాని ఒడ్డున గుట్టల మీద ఉన్న ఒక పాత రబ్బరు తోటను 1940ల చివర్లో జెఫ్రీ బావా అనే యువ న్యాయవాది కొన్నాడు. తోట పేరు లునుగంగ. దాన్ని తీర్చిదిద్దే పనిలో పడ్డాక తనకు నిర్మాణకళ సరిగా రాదని తెలుసుకుని, లండన్ వెళ్లి చదివి, 38వ ఏట, 1957లో ఆర్కిటెక్టు అయ్యాడు. శ్రీలంక పార్లమెంటు భవనం ఆయనదే. దాదాపు అర్ధశతాబ్దం ఆ తోటను మారుస్తూనే ఉన్నాడు. 2003లో చనిపోయాడు. ఇప్పుడు దాన్ని ఒక ట్రస్టు చూసుకుంటోంది. వెళ్లి చూడవచ్చు, డబ్బు పెట్టుకోగలిగితే బస కూడా చేయవచ్చు.

అక్కడ ఇల్లు నీటి అంచున లేదు. గుట్ట మీద ఉంది. వరండాలో కూర్చుని దక్షిణానికి చూస్తే ముందు పచ్చిక పల్లం, ఆపైన సినమన్ హిల్ అనే మరో గుట్ట, దాని అవతల సరస్సు, ఇంకా అవతల ఒక బౌద్ధాలయపు తెల్లని స్తూపం. గుట్ట అడ్డొచ్చి నీరు కనిపించకపోతే బావా ఇంటిని ముందుకు జరపలేదు. గుట్ట నెత్తిని కాస్త చెక్కించాడు. ఆ చెక్కిన చోట ఒక చెట్టు కింద పెద్ద చైనా జాడీ ఒకటి పెట్టించాడు. దాంతో చూపు ఆ జాడీ దగ్గర ఒక్క క్షణం ఆగి, అక్కడినుంచి నీటి మీదికి పోతుంది. ఆ చెట్టును సింహళంలో మూనమల్ అంటారు. మన పొగడ చెట్టే. ఇంటికీ గుట్టకూ మధ్య పల్లంలో ఊరివాళ్లు నడిచే బాట ఒకటి ఉంది. దాన్ని మూయించకుండా లోతుగా తవ్విన కందకంలోంచి పోనిచ్చాడు. వరండా నుంచి చూస్తే బాట లేనట్టే ఉంటుంది, ఊరివాళ్లకు బాట పోలేదు. చెరువు గట్టు దారికి గేటు పెట్టి తాళం వేసే మన విల్లాల వాళ్లు ఈ ఒక్క సంగతి చూసిరావడానికైనా విమానం టికెట్టు కొనొచ్చు.

లునుగంగలో నాకు అన్నిటికన్నా నచ్చేది బల్లలు. తోటలో అక్కడక్కడా కూర్చునే చోట్లున్నాయి. ఉదయం కాఫీకి ఒకటి, మధ్యాహ్న భోజనానికి ఒకటి, సాయంత్రం పానీయానికి మరొకటి. ఎక్కడ ఏ వేళ నీడ ఉంటుందో, గాలి ఎటునుంచి వస్తుందో ఏళ్ల తరబడి గమనించి పెట్టినవి. చోటుకో గంట వేలాడదీశారనీ, గంట మోత బట్టి దొరగారు ఎక్కడున్నారో పనివాళ్లు పోల్చుకుని పళ్లెం పట్టుకొచ్చేవారనీ చెబుతారు. అందులో జమీందారీ దర్జా ఉన్న మాట నిజమే. అయినా దాని వెనక ఆలోచన గట్టిది. ఒకే ఒక పెద్ద డెక్కు కట్టి రోజంతా అక్కడే కూర్చోవాలనుకుంటే, ఉష్ణదేశంలో ఏ చోటూ రోజంతా కూర్చోనివ్వదు. ఎండ తరిమేస్తుంది. నాలుగు చిన్న చోట్లుంటే మనిషి పొద్దుతోపాటు జరుగుతూ పోతాడు. పైగా మనిషి రోజూ కూర్చునే చోట ఆకులు ఊడుస్తారు, పగిలిన రాయి మరునాడే కంటపడుతుంది. ఏడాదికి రెండు విందులకు తప్ప ఎవరూ అడుగుపెట్టని టెర్రసు, ఎంత ఖరీదు పెట్టినా ముందు పాడయ్యేది అదే.

ఇక పొద్దు సంగతి. చెరువు పక్క స్థలం కొనేవాళ్లలో ఎక్కువమంది అస్తమయం కనిపించే స్థలానికి ఎక్కువ ధర పెడతారు. అంటే చెరువు ఇంటికి పడమట ఉండాలి. ఆ ఇంట్లో సాయంత్రం 3 నుంచి 6 దాకా బయట కూర్చుని చూడండి. ఎండ రెండు చోట్లనుంచి కొడుతుంది, పైనుంచి ఒకటి, నీటి మీంచి ఎగిరి వచ్చేది ఇంకొకటి. పందిరి మొదటిదాన్ని ఆపుతుంది. కిందినుంచి వచ్చే తళుకును ఆపదు. ఆ ఇళ్లలో చివరికి వెదురు తెరలో నైలాను చిక్కులో దించి కూర్చుంటారు, కొన్న అస్తమయాన్ని కప్పేసి. చెరువు తూర్పున ఉంటే మధ్యాహ్నం దాటాక ఇంటి నీడే టెర్రసు మీద పడుతుంది, ఎదురుగా నీరు ఎండలో వెలుగుతుంటుంది, కళ్లకు గుచ్చదు. ధర కూడా తక్కువే. ఇప్పటికే పడమటి చెరువు కొనేసినవాళ్లు నీటికీ కూర్చునే చోటుకూ మధ్య కానుగో తెల్లమద్దో నాటుకోవాలి. తెల్లమద్ది వాగుల ఒడ్డున పెరిగే చెట్టు, తడికి జంకదు. బఫరులో చెట్టుకు ఎవరూ అడ్డు చెప్పరు.

ఇప్పుడు కింద పరిచే రాయి గురించి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే డబ్బు పోయేదీ ఇక్కడే, తగాదాలు వచ్చేదీ ఇక్కడే.

మన దగ్గర రాయికి కొదవ లేదు. తాండూరు బండ నీలం ఛాయలోనూ పసుపు ఛాయలోనూ దొరుకుతుంది. పక్కనే కర్ణాటకలో షాబాదు బండ. రాయలసీమలో బేతంచెర్ల బండ, కడప నల్లబండ. ఇవన్నీ సున్నపురాయి జాతివి. చీమకుర్తి, కరీంనగరుల్లో గ్రానైటు. సున్నపురాళ్లు కాళ్లకు హాయిగా ఉంటాయి, మనవాళ్లు తరతరాలుగా వాకిళ్లలో పరచుకున్నారు. కానీ వాటికి యాసిడ్ అంటే పడదు. ఇల్లు పూర్తయ్యాక సిమెంటు మరకలు పోతాయని మేస్త్రీ మనుషులు యాసిడ్ పోసి కడుగుతారు చూడండి, ఆ ఒక్క పూటతో తాండూరు బండ ముఖం కొరుక్కుపోతుంది, బుడగలు లేచి పొంగడం కంటికే కనబడుతుంది. ఆ తర్వాత అందులో మురికి దిగడమే తప్ప పోవడం ఉండదు. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికినా మచ్చే. కాబట్టి ఆరుబయట వంట పెట్టుకునే గట్టుకు గ్రానైటు, నడిచే చోట తాండూరు. కడప బండ అందమైనదే కానీ నల్లనిది, మధ్యాహ్నం చెప్పులు లేని కాలు పెట్టలేం, కొన్ని పలకలు వానకూ ఎండకూ పొరలు లేస్తాయి. నీడ పడే చోట వాడుకోండి. ఏ రాయైనా బయట నునుపు పాలిషు వద్దు. తడిస్తే జారుతుంది. ఉలితో కొట్టినదో, మంటతో గరుకు చేసిన ఫ్లేమ్డ్ ఫినిషో ఉండాలి.

రాయి కన్నా ముఖ్యం దాని కింద ఏముందన్నది. చెరువు పక్క నేల చాలా చోట్ల ఒండ్రు, నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. దాని మీద కాంక్రీటు పోసి సిమెంటుతో బండలు అతికిస్తే రెండు వేసవులు చాలు, ఈ కొస నుంచి ఆ కొసకు బీట. ఆ నేల కొంత లోతు తీసేసి మొరం పోసి, తడుపుతూ పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించి, పైన క్రషర్ డస్టు పరిచి బండలను పొడిగా పేర్చుకోవడమే మేలు. సందుల్లో ఇసుకో సన్న కంకరో వేస్తే చాలు. నీరు సందుల్లోంచి దిగిపోతుంది, నేల కదిలితే బండలూ కాస్త కదులుతాయి, పగలవు. ఒకటి కుంగితే ఆ ఒక్కదాన్నే లేపి కింద నాలుగు గుప్పిళ్లు డస్టు వేసి మళ్లీ దించుకోవచ్చు. సిమెంటు లేని పని అంటే మేస్త్రీలు మొదట ముఖం చిట్లిస్తారు. నాణ్యత లేదని ఇంటివాళ్లు అనుకుంటారేమోనని వాళ్ల భయం.

ఊడదీసి మళ్లీ పెట్టుకునే వీలు చిన్న గుణమేమీ కాదు. కొలంబోలో 1960ల మొదట్లో బావా, ఎనా డిసిల్వా అనే బాతిక్ కళాకారిణికి ఒక ఇల్లు కట్టాడు. ఆయన పోయాక, 2009లో ఆ ఇంటిని విప్పడం మొదలుపెట్టి, రాళ్లనూ తలుపులనూ తీసుకొచ్చి లునుగంగలో తిరిగి నిలబెట్టారు. ఈనాటి మన విల్లా ఒకదాన్ని అలా విప్పాలంటే చేతికి వచ్చేది కంకరే.

కొయ్య మాట కొద్దిగా. పాత మండువా లోగిళ్లలో టేకు స్తంభం ఎప్పుడూ నేలను తాకదు, కింద రాతి దిమ్మ ఉంటుంది. కారణం, కొయ్య పక్కలనుంచి కన్నా కోత ముఖం నుంచి ఎక్కువ నీరు తాగుతుంది. ఆ దిమ్మ తీసేసి స్తంభాన్ని నేరుగా కాంక్రీటులో పాతడం మన తరం తెలివి. చెద కూడా సంతోషిస్తుంది. బయటి కొయ్యకు వార్నిషు పూయకండి, ఎండకు పెచ్చులు లేచి వికారంగా తయారవుతుంది. నూనె పట్టించండి, లేదా ఏమీ పూయకుండా వదిలేయండి. టేకు బూడిద రంగుకు తిరిగి అలాగే ఉంటుంది, దానివల్ల బలం తగ్గదు. పలకల మధ్య వేలి కొస దూరేంత సందు ఉంచాలి. ప్లాస్టిక్ కలిపిన కృత్రిమ పలకలకు చెద పట్టదు, నిజమే. కానీ మన ఏప్రిల్ ఎండలో వాటి మీద ఉత్త కాళ్లతో నడిచి చూపించమని అమ్మేవాడినే అడగండి.

ఇనుప సామాను ఎంచుకునే ముందు చెరువు ఎలాంటిదో తెలుసుకోవాలి. మంచినీటి చెరువైతే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు సరిపోతుంది. పులికాట్ లాంటి ఉప్పు కలిసిన సరస్సుల దగ్గరా, విశాఖ, కాకినాడ తీరాల్లోనూ మాలిబ్డినం కలిసిన 316 కావాలి. నగరంలో మురుగు చేరే చెరువైతే కథ వేరు. ఆ నీటి మీంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు లేస్తుంది. ఇత్తడి దీపాలు నల్లబడతాయి, పూజగదిలో వెండి నల్లబడుతుంది, ఏసీల రాగి గొట్టాలకు చిల్లులు పడతాయి. అక్కడ రెయిలింగు ఖరీదు గురించి ఆలోచించే ముందు, కాలనీ మురుగు ఎటు పోతోందో ఆలోచించాలి. తరచి చూస్తే చాలాసార్లు అది మన విల్లాల మురుగే.

పైకప్పు విషయంలో బావా వాడిన ఉపాయం ఒకటి మనకు అక్కరకొస్తుంది. కింద సిమెంటు రేకులు వేసి, వాటి మీద గూనపెంకు కప్పించేవాడు. వాన ఆపడం రేకుల పని. ఎండ కాచుకోవడం, కంటికి ఇంపుగా ఉండడం పెంకుల పని. కోతులు పెంకులు కదిపినా ఇల్లు కారదు. చూరు మాత్రం బాగా కిందికి, బాగా బయటికి రావాలి. ఏటా రెండున్నర వేల మిల్లీమీటర్లకు తగ్గకుండా వాన పడే లునుగంగలో ఆ వరండాలు నిలబడ్డాయంటే సగం పుణ్యం ఆ చూరుదే. హైదరాబాదులో పడేది దాదాపు మూడో వంతు. అయినా మన కొత్త ఇళ్లకు చూరు ఉండదు. డబ్బాలా ఉంటేనే ఆధునికమట.

చీకటి పడింది, దోమలు వచ్చాయి. చెరువు పక్క ఇంటి గురించి ఎవరూ బ్రోచర్లో వేయని సంగతి ఇది. నీటికి ఎడంగా, గాలి ఆడే ఎత్తున కూర్చుంటే సగం బాధ తీరుతుంది. మిగతా సగానికి వరండా కప్పుకు పెద్ద ఫ్యాను చాలు, దోమ గాలికి ఎదురు ఎగరలేదు. తెల్లని, నీలి వెలుగు ఎల్‌ఈడీలు పురుగులను పిలుస్తాయి. పసుపు వెలుగు దీపాలు మోకాలి ఎత్తున, కాంతి నేల మీదికే పడేలా పెట్టుకోండి. నీటి వైపు ఫ్లడ్ లైటు వేస్తే చెరువు అందం కనిపిస్తుందనుకుంటారు. పురుగులు వస్తాయి, పక్షులు పోతాయి.

నీటికీ ఇంటికీ నడుమ వదిలిన ఆ 30 మీటర్లలో లాను పెంచి యూరియా చల్లకండి. తొలి వానకే అది చెరువులోకి దిగి, నాచుకూ గుర్రపు డెక్కకూ మేత అవుతుంది. కొన్నేళ్లలో మీ ఎదురుగా నీరు ఉండదు, పచ్చని చాప ఉంటుంది. వట్టివేరు నాటండి. దాని వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు దిగి గట్టు మన్నును పట్టుకుంటాయి. అక్కడక్కడా తుంగ పెరగనివ్వండి. గుడ్లు పెట్టుకునే పక్షులుంటే గడ్డి కోయడం మానుకోండి.

చివరగా వాటం. నేల మీద నీరు పోవడానికి ఇచ్చే వాలును మన తాపీమేస్త్రీలు పిలిచే పేరది. మీటరుకు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల వాటం, అది కూడా ఇంటినుంచి బయటికి ఉండాలి. ఉందని అందరూ చెబుతారు, నీటిమట్టం గొట్టం పెట్టి చూపిస్తారు కూడా. మీరు జూన్ దాకా ఆగండి. మొదటి పెద్ద వాన రోజున గొడుగు పట్టుకుని టెర్రసు మీదికి వెళ్లండి. ఎక్కడెక్కడ నీళ్లు నిలిచాయో చూసి, వాన వెలిశాక ఆ తడి ఆరకముందే సుద్దముక్కతో చుట్టూ గీత గీయండి. మేస్త్రీని పిలిచి ఆ గీతలు చూపించండి. ఆఖరి బిల్లు రెండో వాన కూడా చూశాక ఇవ్వొచ్చు.